పెట్రోలు పాచిపోతుందా?



ఈ నెల ప్రశ్న మన పరకాల నుంచే వచ్చింది. ఏడవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి వ్రాసింది. చిన్న ఉత్తరమే గాని, అందులో రెండు ప్రశ్నలున్నవి. మీరూ వినండి.

"సారుకు నమస్కారాలు. మా అన్న అమెరికా పోయి తొమ్మిది నెలలైంది. అన్న కారు మా వాకిట్లనే ఉంది. నాయినమ్మకు ఎప్పుడన్న బాగలేకపోతే వరంగల్ తీసుకపోవడానికి ఉంటదని బాపు దాన్ని అమ్మలేదు. మొన్న స్టార్ట్ చేస్తే కాలేదు. చూసినవాళ్లు పెట్రోలు పాతదైంది, తీసెయ్యాలె అన్నరు. పెట్రోలు ఏమన్న అన్నమా సారూ, పాచిపోవడానికి? పక్కింటి అన్న టాంకులో పైపు పెట్టి నోటితో గుంజి తీస్తనంటున్నడు. తీయొచ్చునా?"

నేను రెండవ ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఎందుచేతనంటే, మొదటి ప్రశ్నకు జవాబు నెల ఆలస్యమయినా ఎవరికీ నష్టం లేదు. రెండవదానికి ఒక్కరోజు కూడా ఆలస్యం పనికిరాదు. అందుకే పత్రిక అచ్చయ్యేదాకా ఆగకుండా ఆ రోజే ఆ ఇంటికి కబురు చేశాను. కబురు ఒక్క మాటే: తీయకూడదు.

నోటితో పెట్రోలు గుంజడం మన ఊళ్లలో కొత్తేమీ కాదు. నిలిచిపోయిన మోటారు సైకిలుకు ఇంకో బండిలోనుంచి కాస్త తీసి పోయడం మీరూ చూసే ఉంటారు. తీసినవాడు తుపుక్కున ఉమ్మేసి, మూతి తుడుచుకుని నవ్వుతాడు. నూరుసార్లు అలా జరిగిపోవచ్చు. నూటొకటోసారి ఏమవుతుందో చెబుతాను. పెట్రోలు నీటికంటె పలుచన. నీళ్లు తాగేటప్పుడు మీకు పొలమారుతుంది కదా! పెట్రోలు గుంజేటప్పుడు అలా ఒక్కసారి పొలమారితే చాలు, కాస్తంత పెట్రోలు ఊపిరితిత్తులలోకి జారుతుంది. అక్కడ అది పలుచని పొరలాగా పరుచుకుని, ఊపిరితిత్తులు వాచేటట్టు చేస్తుంది. దగ్గు, ఆయాసం, జ్వరం వస్తవి. ప్రాణంమీదికి రావచ్చు. కడుపులోకి పోయిన పెట్రోలుకంటె ఊపిరితిత్తులలోకి పోయిన పెట్రోలే ఎక్కువ ప్రమాదం.

ఇక్కడ పెద్దలు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటున్నది. ఎవరయినా పొరపాటున పెట్రోలుగాని, కిరసనాయిలుగాని మింగితే, మనవాళ్లు వెంటనే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించాలని చూస్తారు. అది చేయకూడదు. వాంతితోపాటు పైకి వచ్చిన పెట్రోలు తిరిగి ఊపిరితిత్తులలోకి జారే వీలున్నది. 108కి ఫోను చేసి, దగ్గరి ఆసుపత్రికి తీసుకుపోవడమే సరి అయిన పని.

ఇంకొక ప్రమాదం నిప్పు. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు. అందుచేత అది పొగలాగా పైకి పోదు. నీళ్లలాగా నేలమీద పాకుతూ పల్లానికి పోతుంది. వాకిట్లో పెట్రోలు తీస్తూ ఉంటే, వంటింట్లో పొయ్యి దూరంగానే ఉన్నది కదా అనుకోవడానికి వీలులేదు. పైగా ఇప్పటి కార్లలో చాలావాటికి టాంకులోకి పోయే గొట్టంలో వంపులూ, అడ్డులూ ఉంటవి. పైపు లోపలి దాకా పోనే పోదు. ఈ సాహసమంతా చేసి చివరకు దక్కేదేమీ లేదన్నమాట.

సరే, ఇక మొదటి ప్రశ్న. పెట్రోలు అన్నమా, పాచిపోవడానికి?

ఈ ప్రశ్న నాకు చాలా నచ్చింది. అన్నం పాచిపోవడానికి కారణం కంటికి కనిపించని సూక్ష్మజీవులు. పెట్రోలు చెడడానికి అవి కారణం కాదు. అయినా పెట్రోలు చెడే మాట నిజం. అది ఒక్క తీరున కాదు, మూడు తీరులుగా చెడుతుంది.

మొదటి తీరు తెలియాలంటే, పెట్రోలు అనేది ఒక్క పదార్థం కాదని తెలియాలి. నీరంటే నీరే. చక్కెర అంటే చక్కెరే. పెట్రోలు అలా కాదు. అందులో కొన్ని వందల రకాల పదార్థాలు కలిసి ఉంటవి. అన్నీ కర్బనమూ, ఉదజనీ కలిసి ఏర్పడినవే. కాని కొన్నిటి అణువులు చిన్నవి, తేలికయినవి. కొన్నిటివి పెద్దవి, బరువయినవి. తేలికవి 35 డిగ్రీల దగ్గరనే మరగడం మొదలుపెడతవి. బరువువి 200 డిగ్రీలకు అటూ ఇటూ పోతే గాని మరగవు.

బడిలో సాయంత్రం గంట కొట్టినప్పుడు ఏమవుతుంది? ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలు రివ్వున గేటు దాటిపోతారు. పదో తరగతివాళ్లు తీరికగా మాట్లాడుకుంటూ వెనక వస్తారు. నేను చాలా ఏళ్లు వరండాలో నిలబడి చూసిన దృశ్యమే ఇది. పెట్రోలులోనూ అంతే. మూత కొంచెం సందిస్తే ముందు పారిపోయేవి తేలిక అణువులే. మిగిలేవి బరువువి.

పోతే పోనీ, మిగిలింది మండదా అంటారేమో. మండుతుంది. కాని చల్లని ఇంజను మొదటిసారి అందుకోవాలంటే ఆ తేలికవే కావాలి. నిజానికి ద్రవంగా ఉన్న పెట్రోలు మండదు. దాని ఆవిరే మండుతుంది. చల్లని ఇంజనులో సులువుగా ఆవిరి అయ్యేవి తేలిక పదార్థాలే. అవి పోయిన పెట్రోలుతో ఇంజను తిరుగుతుంది గాని అందుకోదు. అందుకున్నా దగ్గుతూ, ఆగుతూ నడుస్తుంది.

ఇలా ఆవిరి అయి పోవడం ఎంత పని చేస్తుందో దక్షిణ ధ్రువంలో ఒకసారి తెలిసింది. 1912లో కెప్టెన్ స్కాట్ అనే ఇంగ్లీషు అన్వేషకుడు దక్షిణ ధ్రువం చేరి తిరిగి వస్తున్నాడు. వచ్చే దారిలో అక్కడక్కడ తిండి, స్టవ్వుల కోసం కిరసనాయిలు డబ్బాలు ముందే దాచి ఉంచారు. తీరా వచ్చి చూస్తే డబ్బాలలో ఉండవలసినంత ఆయిలు లేదు. మూతల కింద వేసిన తోలు బిళ్లలు ఆ చలికి పాడయి, ఆయిలు కొంత కారి, కొంత ఆవిరి అయి పోయింది. స్టవ్వు లేకపోతే మంచు కరిగించి నీళ్లు తాగడానికి కూడా వీలులేని చోటు అది. స్కాటూ, అతని తోటివాళ్లూ తిరిగి రాలేదు. ఆ ఒక్క కొరతే వారి చావుకు కారణం అనడానికి వీలులేదు. తిండి చాలలేదు, చలి భయంకరం, నడక చాలా దూరం. కాని ఆ కొరత వారిని బాగా దెబ్బ తీసింది. వారికంటె ముందే ధ్రువం చేరిన నార్వే అన్వేషకుడు అముండ్‌సెన్ తన డబ్బాల మూతులకు మాటు వేయించాడు. అతనికి ఆయిలు కొరత రాలేదు. ఒక మూత బిగింపులో అంత తేడా ఉన్నది.

రెండవ తీరు మీ ఇంట్లోనే ఉన్నది. సంక్రాంతికి చేసిన సకినాలు డబ్బాలో అడుగున నాలుగు మిగిలిపోయినవి అనుకోండి. నెల దాటిన తరువాత మూత తీస్తే ఒక రకమయిన పాత నూనె వాసన కొడుతుంది కదా! కరకరమని విరుగుతవి, కాని నోట పెట్టుకోబుద్ధి కాదు. అలాగే నూనె డబ్బా మూతి చుట్టూ వేలు పెట్టి చూడండి. నూనె జారవలసినది, అక్కడ వేలికి బంకలాగా అంటుకుంటుంది. ఇది గాలి చేసిన పని. గాలిలోని ఆమ్లజని నూనెతో కలిసి, మెల్లగా దాని స్వభావాన్నే మార్చివేస్తుంది. ఒక్కొక్క అణువూ పక్క అణువుతో ముడిపడి, చిన్నవి కలిసి పెద్దవయి, జిగురవుతుంది.

పెట్రోలులోనూ ఆమ్లజనికి తొందరగా లొంగిపోయే అణువులు కొన్ని ఉన్నవి. అందుచేతనే నూనె శుద్ధి చేసే కర్మాగారంలో, ఈ మార్పును ఆపే మందులు కొద్దిగా కలుపుతారు. మందు పనిచేసినన్నాళ్లు పెట్రోలు తేటగా ఉంటుంది. మందు ఖర్చయిపోగానే రంగు ముదురుతుంది, పుల్లని వార్నీషు వాసన వస్తుంది, అడుగున బంక చేరుతుంది. ఎండవేడిమి ఈ పనిని తొందర చేస్తుంది.

బంక చేరితే ఏమయింది? ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు అనే భాగానికి ఉండే రంధ్రాలు మిల్లీమీటరులో పదో వంతు, రెండు పదో వంతులంత ఉంటవి. మీ తలవెంట్రుక మందం ఇంచుమించు మిల్లీమీటరులో పదో వంతుకు లోబడి ఉంటుంది. అంత సన్నని రంధ్రానికి ఎంత బంక అడ్డు పడాలి, చెప్పండి? పైగా పెట్రోలును ఇంజనుకు తోడే పంపు టాంకులోనే, పెట్రోలులో మునిగి ఉంటుంది. అది చల్లబడేది ఆ పెట్రోలువల్లనే. చెడిపోయిన పెట్రోలులో నెలల తరబడి నానితే ఆ పంపుకూ చేటే.

మూడవ తీరు మా చిన్నప్పుడు అంతగా వినలేదు. ఇప్పుడు మనం బంకులో పోయించుకునేది ఒట్టి పెట్రోలు కాదు. అందులో ఇథనాల్ అనే పదార్థం కలుస్తున్నది. చెరకు మడ్డి నుంచీ, బియ్యం, మక్కజొన్నల నుంచీ తీసే ఆల్కహాలు ఇది. మన దేశంలో 2022 జూన్ నాటికి సగటున నూటికి 10 పాళ్లు కలిపారు. 2025 నాటికి అది 20 పాళ్లయింది. ఆలోచన మాత్రం పాతదే. పెట్రోలులో ఆల్కహాలు కలపడానికి మన దేశంలో 1948లోనే ఒక చట్టం చేశారు.

ఇథనాల్ మంచి స్నేహశీలి. పెట్రోలుతో కలుస్తుంది, నీటితోనూ కలుస్తుంది. పెట్రోలూ నీరూ మాత్రం ఒకదానితో ఒకటి కలవవు. కొద్దిగా నీరు చేరినంతవరకు ఇథనాల్ ఒక చేత పెట్రోలునూ, ఒక చేత నీటినీ పట్టుకుని మూడింటినీ ఒక్కటిగా ఉంచుతుంది. నూటికి 10 పాళ్లు ఇథనాల్ ఉన్న లీటరు పెట్రోలు సుమారు 5 మిల్లీలీటర్లు, అనగా ఒక చిన్న చెంచాడు నీటిని ఇలా భరించగలదు. 20 పాళ్లు ఉన్నది ఇంకాస్త ఎక్కువ భరిస్తుంది. ఆ హద్దు దాటితే మాత్రం ఇథనాల్ పెట్రోలు చేయి వదిలివేస్తుంది. నీటిమీదనే దానికి మక్కువ ఎక్కువ. రెండూ కలిసి టాంకు అడుగుకు దిగిపోతవి. పంపు పీల్చేది అడుగునుంచే! అప్పుడు ఇంజనుకు మొదట అందేది నీళ్లూ, ఆల్కహాలూ. ఇక అది ఎక్కడ అందుకుంటుంది?

అయితే ఒక్క మాట. ఇథనాల్ పేరు చెప్పి భయపడేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. గాలిలోని తేమ ఒక్కటే మూత బిగించి ఉన్న కారు టాంకులో అన్ని నీళ్లు చేర్చడం అరుదు. మూత సరిగా పడకపోవడం, మూత లోపలి రబ్బరు చీలిపోవడం, వానాకాలమంతా బండి ఆరుబయట ఉండడం, ఇలాంటి కారణం ఏదో ఒకటి సాధారణంగా ఉంటుంది. ముందు మూత చూడాలి.

టాంకు ఊపిరి పీలుస్తుందంటే నమ్ముతారా? లెక్క చేద్దాం రండి. వేడికి పెట్రోలు వ్యాకోచిస్తుంది. ఒక డిగ్రీ వేడి పెరిగితే వెయ్యి పాళ్లకు ఇంచుమించు ఒక పాలు పెరుగుతుంది. టాంకులో 30 లీటర్లు ఉన్నదనుకోండి. పగటికీ రాత్రికీ 10 డిగ్రీల తేడా అనుకోండి. 30,000 మిల్లీలీటర్లలో వెయ్యో వంతు 30. దానిని పదితో హెచ్చిస్తే 300 మిల్లీలీటర్లు! రోజూ మధ్యాహ్నం పెట్రోలు అంత ఉబ్బి, పైన ఉన్న ఆవిరిని బయటకు నెడుతుంది. రాత్రి కుంచించుకుని బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. ఇప్పటి కార్లలో బయటకు పోయే ఆవిరిని పట్టి ఉంచడానికి ఒక బొగ్గుల డబ్బా అమర్చారు. ఇంజను నడిచినప్పుడు ఆ పట్టిన ఆవిరి ఇంజనులోకి పోయి మండి, బొగ్గు మళ్లీ ఖాళీ అవుతుంది. నడవని కారులో ఖాళీ అయ్యేదెప్పుడు?

మరి పెట్రోలు ఎన్నాళ్లు నిలవ ఉంటుంది? నీడలో, సీలు వేసిన డబ్బాలో ఒక ఏడాది ఉంటుందనీ, సీలు తీసిన తరువాత 20 డిగ్రీల చోట ఆరు నెలలు, 30 డిగ్రీల చోట మూడు నెలలు అనీ ఇంధన కంపెనీలు చెప్పే లెక్క ఒకటున్నది. చూశారా, పది డిగ్రీలు పెరిగితే ఆయువు సగమయింది. మన వేసవి మధ్యాహ్నాలు 40 దాటుతవి. కిరాణా దుకాణం ముందు ఎండలో సీసాలలో వరుసగా పెట్టే పెట్రోలు సంగతి మీరే ఊహించుకోండి. కారు టాంకు ఆ సీసాలకంటె చాలా నయం. అయినా మూడు నెలలు దాటితే అనుమానించాలి, ఆరు నెలలు దాటితే జాగ్రత్త పడాలి. ఆ అమ్మాయి ఇంట్లో కారు తొమ్మిది నెలలుగా నిలబడి ఉన్నది, మధ్యలో ఒక వేసవి కూడా గడిచింది.

హైదరాబాదు పోయినప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ఒకటి చూడండి. 1912 నాటిది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ దానిని తయారు చేయించమని చెప్పి, అది రాకముందే 1911లో చనిపోయాడు. తరువాత ఏడవ నిజాము కాలంలో అది హైదరాబాదు చేరింది. వెనుక సీటు సింహాసనంలాగా ఎత్తుగా ఉంటుంది. అంత గొప్ప కారూ దశాబ్దాల కాలంలో 356 మైళ్లు మాత్రమే తిరిగిందని చెబుతారు. అది మన లెక్కలో 573 కిలోమీటర్లు. పరకాల నుంచి హైదరాబాదు రెండుసార్లు పోయివచ్చినంత దూరం కూడా కాదు. ఇలాంటి పాత కార్లను తిరిగి నడిపించేవాళ్లు కొత్త పెట్రోలు పోసి తాళంచెవి తిప్పరు. ముందు టాంకు విప్పి లోపలి బంకా, తుప్పూ కడుగుతారు. గొట్టాలు మారుస్తారు. ఆ తరువాతనే పెట్రోలు.

మన కారు కథ అంతదూరం పోలేదు గనక, పెద్దలు ఏమి చేయాలో చెబుతాను. మీరు పక్కన కూర్చుని చదివి వినిపించండి.

మొట్టమొదట, దోషం పెట్రోలుదేనా అని చూడాలి. తాళం తిప్పగానే ఇంజను అసలు కదలకుండా, టిక్కుమని ఊరుకుంటే, లేక దీపాలు మినుకు మినుకుమంటే, అది బ్యాటరీ పని. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ పెట్టిన తరువాత వేలకొద్దీ బండ్లు కదలకుండా నిలబడ్డవి. అలా నిలబడ్డ బండ్లలో ముందుగా చేతులెత్తేసేది సాధారణంగా బ్యాటరీయే. ఇంజను గిర్రున తిరుగుతున్నది గాని అందుకోవడం లేదంటే, అప్పుడు పెట్రోలును అనుమానించవచ్చు. ఎలుకలు తీగెలు కొరికినా ఇలాగే అవుతుంది. నిలిచిన కారు ఎలుకలకు మంచి ఇల్లు. అది కూడా చూడాలి.

పెట్రోలు మీదనే అనుమానం ఉంటే, మెకానిక్కు కాస్త తీసి గాజు సీసాలో పోసి వెలుతురుకు పట్టి చూస్తాడు. తేటగా ఉండాలి. గోధుమరంగు తిరిగినా, అడుగున వేరే పొర కనిపించినా చెడినట్టే. వాసనబట్టి కూడా పనివాళ్లు చెప్పగలరు. మీరు మాత్రం ముక్కు దగ్గర పెట్టుకోకండి. పెట్రోలులో బెంజీను అనే విషపదార్థం కొద్దిగా ఉంటుంది. నూటికి ఒక పాలు మించకూడదని మన దేశంలో నిబంధన. ఆ ఒక్క పాలే రోజూ పీల్చేవారికి క్యాన్సరు తేగలదు.

నిలిచి రెండు మూడు నెలలే అయి, పెట్రోలు తేటగానే ఉంటే, తీసిపారేయనవసరం లేదు. టాంకు నిండా కొత్త పెట్రోలు పోయిస్తే చాలు. పాతదానిలో తక్కువయిన తేలిక పదార్థాలు కొత్తదానితో వస్తవి. పావు టాంకు పాతదీ, ముప్పావు కొత్తదీ అయితే ఇబ్బంది ఉండదు. ఆరు నెలలు దాటి, రంగు మారితే మాత్రం నాది ఒకే మాట: పదే పదే స్టార్టు చేయడానికి ప్రయత్నించవద్దు. ప్రతి ప్రయత్నానికీ ఆ బంక పంపునుంచి గొట్టాలకూ, గొట్టాలనుంచి ఇంజెక్టర్లకూ పోతుంది. అంతవరకు టాంకులో ఉన్న జబ్బు ఇంజనంతా పాకుతుంది. మెకానిక్కును పిలిచి, చేతి పంపుతో, ఆరుబయట, బ్యాటరీ తీగె ఊడదీసి, పెట్రోలు తీయించాలి. ఫిల్టరు మార్పించాలి. కొత్తది పోసి చూడాలి. అందుకోకపోతే ఇంజెక్టర్లు శుభ్రం చేయించాలి. ఖర్చే, కాని పంపు కాలిపోతే అంతకంటె ఎక్కువ ఖర్చు.

తీసిన పెట్రోలు ఏమి చేయాలి? ఇదే నాకు అన్నిటికంటె బెంగ. మోరీలో పోస్తే, నీటిమీద తేలి, మూసి ఉన్న కాలువలో ఆవిరి నిండుతుంది. పైన ఎవరో బీడీ పారేస్తారు. నేలమీద పోస్తే బావిలోకో, బోరులోకో దిగుతుంది. చెత్త కాల్చడానికి, కామదహనం మంటకు, కట్టెల పొయ్యి రాజేయడానికి వాడేవాళ్లున్నారు. కిరసనాయిలు అలవాటుతో చేసే పని ఇది. కిరసనాయిలు మన పక్కన ఉన్నచోట మండుతుంది. పెట్రోలు ఆవిరి గాలిలోనే భగ్గుమని, పోసినవాడి చేతిదాకా వస్తుంది. పాత పెట్రోలయితే మెత్తగా మండుతుందనుకోవద్దు. ఇంజనుకు పనికిరాకుండా పోయిందే గాని, ఒళ్లు కాల్చడానికి పనికివస్తుంది. మూత గట్టిగా బిగిసే ఇనుప డబ్బాలో పోసి, పైన పేరు వ్రాసి, ఆ పనిచేసిన గ్యారేజీవారికే అప్పగించడం మంచిది. మంచినీళ్ల సీసాలో మాత్రం పోయవద్దు. దాహంతో ఉన్న పిల్లవాడికి సీసా కనిపిస్తుంది గాని, లోపల ఉన్నదేమిటో కనిపించదు.

కారును చాలాకాలం నిలిపి పోయేవారు టాంకు నింపి పోవాలా, ఖాళీ చేసి పోవాలా అని ఒక తగాదా ఉన్నది. నింపితే పైన గాలికి చోటు తక్కువ. గాలి తక్కువయితే తేమా, ఆమ్లజనీ తక్కువ. ఖాళీగా ఉంచితే చెడేది తక్కువ, మళ్లీ కొత్తది పోసుకోవడానికి చోటు ఉంటుంది. నన్నడిగితే, మూడు నెలలలోపయితే నింపడం మంచిది. ఏడాదికి పోతున్నవాళ్లకు రెండూ సరికావు. ఇంట్లో ఒక నమ్మకమయిన మనిషికి తాళంచెవి ఇచ్చి, పదిహేను రోజులకు ఒకసారి అరగంట సేపు రోడ్డుమీద నడిపించమని చెప్పాలి. భూపాలపల్లి రోడ్డు ఉండనే ఉన్నది. వాకిట్లో నిలబెట్టి అయిదు నిమిషాలు ఇంజను ఆడించి ఆపేయడం వల్ల లాభం తక్కువ. ఇంజను పూర్తిగా వేడెక్కదు, పొగగొట్టంలో చేరిన నీరు ఆరదు, స్టార్టు చేయడానికి ఖర్చయిన శక్తి బ్యాటరీకి తిరిగి రాదు. నడిపినప్పుడల్లా పెట్రోలు కొంత తగ్గుతుంది. తగ్గినంత కొత్తది పోయించాలి. అప్పుడు టాంకులో ఉన్నది ఎన్నడూ మరీ పాతది కాదు.

డీజిలు కార్లూ, ట్రాక్టర్లూ ఉన్నవాళ్లు మాకీ బాధ లేదనుకుంటారు. డీజిలు తొందరగా ఆవిరి కాదు, నిజమే. కాని అందులో నీరు చేరితే, ఆ నీటికీ డీజిలుకూ మధ్య బూజు పెరుగుతుంది! డీజిలునే తిని బ్రతికే సూక్ష్మజీవులున్నవి. ఫిల్టరులో నల్లని జిగట పట్టిందంటే వాటి పనే కావచ్చు. కనక ఆ అమ్మాయి అడిగిన 'అన్నమా?' అనే మాట డీజిలు విషయంలో అక్షరాలా చెల్లుతుంది.

కారు లేనివాళ్లు ఈ పేజీ తిప్పివేయకండి. పత్తి చేలకు మందు కొట్టే పెట్రోలు పంపు మన చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో ఉన్నది. చేను అయిపోగానే దానిని కొట్టంలో ఒక మూలకు పెడతారు, టాంకులో మిగిలిన పెట్రోలుతో సహా. కార్లకున్నంత గట్టి మూత దానికి ఉండదు. వచ్చే వానాకాలం దాకా లోపలి పెట్రోలులో తేలికవి ఎగిరిపోయి, మిగిలింది కార్బురేటరులోని సన్నని బెజ్జంలో బంక కడుతుంది. పురుగు తగిలిన నాడు తాడు లాగీ లాగీ చేయి నొప్పి పుడుతుంది గాని పంపు మోగదు. పురుగు ఆగదు కదా! పెట్టేముందు టాంకులో ఉన్నది తీసివేసి, కార్బురేటరులో మిగిలింది అయిపోయి ఇంజను తనంతట తానే ఆగేదాకా ఆడించి, ఆ తరువాత మూలన పెడితే ఈ బాధ ఉండదు. పది నిమిషాల పని. ఈ పని పెద్దవాళ్లు చేయవలసినదే. గుర్తు చేయడం మీ పని.

పెట్రోలుతో మీరు ఏ పరీక్షా చేయకూడదు. కాని గాలి చేసే పని చూడాలని ఉంటే, అమ్మనడిగి రెండు చెంచాల పల్లీనూనె తీసుకోండి. ఒక చెంచాడు వెడల్పు పళ్లెంలో పలుచగా పోసి, ఎండ తగిలే కిటికీలో పెట్టండి. ఇంకొక చెంచాడు చిన్న సీసాలో, మూతిదాకా పట్టే సీసా అయితే మంచిది, పోసి గట్టిగా మూత వేసి చీకటి అలమరలో పెట్టండి. వారానికి ఒకసారి రెండింటినీ వాసన చూడండి. పళ్లెం అంచున వేలు పెట్టి జిగురు ఉన్నదేమో చూడండి. తేదీలు వేసి ఒక కాగితంమీద వ్రాసుకోండి. చీమలు పట్టకుండా పళ్లెం కింద నీళ్ల తాంబాళం ఉంచడం మరిచిపోవద్దు. ఎవరి ఇంట్లో నూనె ఏ వారంలో వాసన మారిందో నాకు వ్రాసి పంపండి. పరకాల ఎండకూ, మీ ఊరి ఎండకూ ఏమయినా తేడా ఉన్నదేమో సరిచూద్దాం.